రెండు కాటాలకు ఒకే తట్ట

మంగంపేట దగ్గర ఒక ముగ్గురాయి (బెరైటీస్) యార్డుకు మా కంపెనీ నన్ను పంపింది ఆరేళ్ల కిందట, మార్చి మొదటి సోమవారం. పని ఆర్డరులో రెండే వాక్యాలు ఉన్నాయి. యార్డులో రెండో కాటా కట్టారు. ఇప్పుడున్న ప్రోగ్రాంను రెండు కాటాలకూ పనిచేసేలా మార్చి ఇవ్వాలి. గడువు ఐదు రోజులు. అప్పటికి నా హోదా సీనియర్ డెవలపర్. కడపలో ఏడుగురం పనిచేసే చిన్న కంపెనీ మాది. ఏడుగురిలో నలుగురం సీనియర్లమే కాబట్టి ఆ మాటకు పెద్ద అర్థం లేదు.

పదకొండేళ్లు ఆ పని చేసి మానేశాను. ఇప్పుడు కర్నూలులో డిప్లొమా విద్యార్థులకు ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. థ్రెడ్ల పాఠం వచ్చినప్పుడల్లా ఈ యార్డు సంగతి చెప్పవలసి వస్తోంది. ఒకసారి క్రమంగా రాసిపెడితే మేలని ఇది రాస్తున్నాను.

ముందు కాటా అంటే ఏమిటో చెప్పాలి. లారీ మొత్తం ఎక్కి నిలబడేంత ఇనుప బల్ల అది. బల్ల కింద బరువును పసిగట్టే పరికరాలు ఉంటాయి. అవి పంపే అంకెను గదిలో ఉన్న ఇండికేటరు అనే చిన్న పెట్టె ఎర్ర అంకెల్లో చూపిస్తుంది. అదే అంకెను ఒక తీగ ద్వారా కంప్యూటరుకు పంపుతుంది. కంప్యూటరులోని ప్రోగ్రాం లారీ నంబరు, బరువు, సమయం కలిపి చీటీ అచ్చు వేస్తుంది. ఆ చీటీ లేకుండా లారీ గేటు దాటదు. ముగ్గురాయి చూడటానికి మామూలు రాయే గాని, చేతిలోకి తీసుకుంటే చెయ్యి దిగుతుంది. లారీ సగం నిండినట్టు కనిపించినా పూర్తి లోడు ఉంటుంది. కంటితో అంచనా కుదరదు కాబట్టి ఆ యార్డులో చీటీ మీదున్న అంకే చివరి మాట.

ఇక థ్రెడ్. ఒకే ప్రోగ్రాం ఏకకాలంలో రెండు మూడు పనులు చేయాలంటే ఒక్కో పనికి ఒక్కో థ్రెడ్ పెడతాం. పాత ప్రోగ్రాంలో రెండు ఉండేవి. ఒకటి ఇండికేటరు పంపే అంకెలను ఎప్పుడూ చదువుతూ ఉంటుంది. రెండోది తెర, కీబోర్డు, ప్రింటరు చూసుకుంటుంది. రెండూ ఒకే థ్రెడ్‌లో పెడితే బరువు కోసం ఎదురుచూస్తున్నంతసేపూ తెర బిగుసుకుపోతుంది. చదివే థ్రెడ్ తనకు దొరికిన బరువును తెర థ్రెడ్‌కు అందించాలంటే ఇద్దరూ వాడుకునే చోటు ఒకటి కావాలి. మా ఆఫీసులో దాన్ని తట్ట అనేవాళ్లం. ఒకరు తట్టలో వేస్తారు, ఇంకొకరు తీసుకుంటారు. ఇద్దరూ ఒకేసారి చెయ్యి పెడితే అంకె సగం పాతది, సగం కొత్తది కావచ్చు. అలా కాకుండా లాక్ పెడతాం. లాక్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లే తట్టను ముట్టుకోవాలి, మిగతావాళ్లు ఆగాలి.

రెండో కాటా కోసం నేను చేసింది ఇది. చదివే థ్రెడ్‌ను నకలు తీసి రెండో తీగకు తగిలించాను. తట్ట మాత్రం ఒకటే ఉంచాను. ఆపరేటరు రెండు లారీల నంబర్లు తెర మీద ఎడమ గడిలో ఒకటి, కుడి గడిలో ఒకటి కొట్టుకుంటాడు. ఎడమ కాటా బరువు కావాలంటే ఒక కీ, కుడి కాటాకు ఇంకో కీ. కీ నొక్కగానే ఆ నంబరు వరుసలోకి వెళుతుంది, ఆ కాటా థ్రెడ్ మేలుకొని బరువును తట్టలో వేస్తుంది. తెర థ్రెడ్ వరుసలో మొదటి నంబరుకు తట్టలోని మొదటి బరువును జతచేస్తుంది. అంతకు ముందు నేను రెండు కాటాల యార్డులు మూడు చూసి ఉన్నాను. మూడింటిలోనూ ఒక లారీ తూచి, చీటీ ఇచ్చి, ఆ తర్వాతే ఇంకోదాన్ని పిలిచేవారు. ఆ పద్ధతిలో వరుస తప్పదు. ఐదు రోజుల పని మూడు రోజుల్లో అయిపోయింది. మా యజమాని మెచ్చుకున్నాడు.

అక్కడ కాటా ఆపరేటరు పేరు మాబూవలీ. యాభై దాటిన మనిషి. కంప్యూటరు రాకముందు నుంచీ ఆ గదిలోనే ఉన్నాడు. డ్రైవర్లంతా వలీ బాయ్ అనేవారు. నేను కీల సంగతి వివరిస్తుంటే ఒక్క ప్రశ్న అడిగాడు. రెండు కీలూ వెంటవెంటనే నొక్కితే పరవాలేదా అని. లాక్ ఉంది, ఏమీ కాదు అన్నాను. ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందని నేను అడగలేదు.

జులైలో యార్డు నుంచి మా ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. కడప దగ్గర ముగ్గురాయిని పొడి చేసే ఒక మిల్లు, ఈ యార్డు నుంచి వచ్చిన లారీలను తన కాటా మీద మళ్లీ తూస్తుంది. నాలుగు నెలల్లో పదకొండు లారీలు చీటీలో ఉన్నదాని కన్నా తక్కువ తూగాయి. తేడా టన్ను నుంచి రెండు టన్నుల దాకా ఉంది. ప్రోగ్రాంలో లోపం ఉందేమో పరిశీలించి రాతపూర్వకంగా తెలపాలని యార్డు మేనేజరు చెన్నారెడ్డి అడిగాడు.

నేను ఆఫీసులోనే కూర్చుని రెండు నకిలీ ఇండికేటర్లు తయారుచేసి రెండు రోజులు పరీక్షించాను. ఒక కీ నొక్కడం, చీటీ చూడటం, ఇంకో కీ నొక్కడం. ఒక్క తప్పూ రాలేదు. కోడ్ మళ్లీ చదివాను. లాక్ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. నివేదికలో ఇలా రాశాను: ఉమ్మడి సమాచారానికి తగిన లాక్ ఉన్నందువల్ల బరువు తారుమారయ్యే అవకాశం లేదు, ప్రోగ్రాంలో లోపం లేదు. కింద సంతకం నాది.

ఆ నివేదిక అందిన మూడో రోజున వలీకి మెమో ఇచ్చారు. డ్రైవర్లతో కుమ్మక్కై బరువులు మార్చాడన్నది ఆరోపణ. వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి, తర్వాత విచారణ. తేలితే ఉద్యోగం తీసేసి పోలీసు కేసు పెడతారు. మెమోకు జతచేసిన కాగితాల్లో మొదటిది నా నివేదిక. మెమో ఇచ్చిన నాటి నుంచి చెన్నారెడ్డి రోజూ కాటా గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి తప్పులు ఆగిపోయాయి. మనిషిని కాపలా పెడితే ఆగిన తప్పు మిషనుది ఎలా అవుతుందని ఆయన ఫోనులో అడిగాడు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది.

విచారణ సోమవారం. సాంకేతిక సాక్షిగా నేను హాజరై నివేదిక నిజమని చెప్పాలి. చీటీల రికార్డు ఒకసారి చూసుకుందామని గురువారమే వెళ్లాను.

నాకు జాబితాలు వేసే అలవాటు ఉంది. పదకొండు లారీలను ఒక కాగితం మీద వరుసగా రాసి, ప్రతిదాని పక్కన నాలుగు గడులు గీశాను. చీటీ బరువు, మిల్లు తూచిన బరువు, చీటీ సమయం, అదే నిమిషంలో అచ్చయిన ఇంకో చీటీ. నాలుగో గడి ఊరికే గీశాను, పదకొండింటికీ అది నిండుతుందనుకోలేదు. పదకొండూ నిండాయి. అంతేకాదు, ఆ ఇంకో చీటీలో ఉన్న బరువు, మొదటి లారీకి మిల్లు తూచిన బరువు ఒకటే. కాటాకూ కాటాకూ ఉండే ఇరవై ముప్పై కిలోల తేడా తప్ప. ఒకదానికి తక్కువ రావడం కాదు, రెండు లారీల బరువులు ఒకదానికొకటి మారాయి. రెండో లారీ వెళ్లింది వేరే మిల్లుకు. చీటీ కన్నా ఎక్కువ రాయి అందుకున్న మిల్లు ఉత్తరం రాయదు.

జాబితా చెన్నారెడ్డికి చూపించాను. ఆయన శ్రద్ధగా చూసి, ఇంకా స్పష్టమైందన్నాడు. రెండో డ్రైవరు ఎక్కువ రాయితో పోయి దారిలో దించుకుంటున్నాడు, అంటే వలీ ఒక్కో తడవ ఇద్దరు డ్రైవర్లతో మాట్లాడుకున్నాడు. జాబితాకు ఒక నకలు తీయించి విచారణ ఫైలులో పెట్టించాడు. నిజం కోసం నేను గీసిన కాగితం వలీ మీద రెండో సాక్ష్యమైంది.

శుక్రవారం పొద్దున కాటా గది బయట మెట్టు మీద కూర్చుని పని చూస్తున్నాను. గదిలో చెన్నారెడ్డి ఉన్నాడు. వలీ ఎడమ కాటా మీదికి ఒక లారీని పిలిచి, తూచి, చీటీ ఇచ్చి పంపి, కుడి కాటా మీదికి ఇంకోదాన్ని పిలుస్తున్నాడు. గోడ మీద రంగు అక్షరాల్లో రాసిన నియమం కూడా అదే: ఒకసారికి ఒకే వాహనం. గేటు లోపల లారీలు బారులు తీరాయి. ఎండ ఎక్కుతోంది. వరుసలో ముందున్న డ్రైవరు దిగివచ్చి కిటికీలోకి తొంగిచూసి, లోపల మేనేజరు కనిపించేసరికి వెనక్కి తగ్గి నా పక్కన నిలబడ్డాడు.

"ఏమప్పా, ఈ పొద్దు గూడా గంట ల్యాదా? ఒగొగురే ఎక్కల్లంటే సాయంత్రమైతాది మాకు" అన్నాడు.

ఏ గంట అని అడిగాను. అతను గది చూరు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. అక్కడ రైలు పట్టా ముక్క ఒకటి తీగతో వేలాడుతోంది. నేను మార్చిలో కూడా దాన్ని చూశాను, పాత సామాను అనుకున్నాను.

"అది కొడ్తే రెండు బండ్లు రెండు కాటాల మింద ఒగేసారి ఎక్కల్ల. ఇంగోసారి కొడ్తే ఇంజన్లు ఆపల్ల. వలీ బాయ్ రూలు. సారోల్లు వస్తే మాత్రం కొట్టడు."

నేను వెంటనే లోపలికి పోలేదు. మధ్యాహ్నం చెన్నారెడ్డి భోజనానికి వెళ్లాక వలీని అడిగాను. అతను ముందు తెలియదన్నాడు. తర్వాత ప్రింటరులో కాగితం సరిచేశాడు. సరిచేయాల్సిన అవసరం లేదు. నేను కదలకపోవడంతో కూర్చున్నాడు.

"ఈ రెండు కాటాలూ ఒగే పునాది మింద ఉండాయి సార్. ఒగ బండి నిలబడిండంగ పక్కన ఇంగో బండి ఎక్కితే, ఈడ అంకె ఆడతానే ఉంటాది. యాభై కిలోలు అటు, యాభై ఇటు. నిలబడేదాక ఆగల్లంటే బండ్లు రోడ్డు దాక వస్తాయి. అందుకని రెండింటినీ ఒగేసారి ఎక్కిస్తా, ఇంజన్లు ఒగేసారి ఆపిస్తా. పది లెక్కపెడ్తా. అంకె రాయి మాదిరి నిలబడ్తాది. అప్పుడు రెండూ నొక్కుతా."

రెండూ ఎలా నొక్కుతావో చూపించమన్నాను. రెండు చేతుల చూపుడు వేళ్లను రెండు కీల మీద ఉంచి, హార్మోనియం మెట్లు నొక్కినట్టు, ఎడమది, దాని వెంటే కుడిది నొక్కాడు. మధ్య విరామం నా చెవికి అందలేదు.

జత ఎలా తప్పిందో నాకు అప్పుడు తెలిసింది. రెండు థ్రెడ్లూ దాదాపు ఒకే క్షణంలో మేలుకుంటాయి. ముందు ఎవరికి వంతు ఇవ్వాలో నిర్ణయించేది కంప్యూటరు. సాధారణంగా ముందు పిలిచిన ఎడమ థ్రెడ్‌కే ఇస్తుంది. ఎప్పుడో ఒకసారి కుడి థ్రెడ్ ముందు లాక్ అందుకుంటుంది. అప్పుడు తట్టలో మొదట పడేది కుడి బరువు. తెర థ్రెడ్ దాన్ని తీసి ఎడమ లారీ నంబరు పక్కన అచ్చు వేస్తుంది. లాక్ తన పని తప్పలేదు. ఇద్దరూ ఒకేసారి తట్టలో చెయ్యి పెట్టలేదు, ఒక్క అంకె చెడలేదు. కాని ఏ బరువు ఏ కాటాదో తట్టలో రాసి లేదు. అది నేను రాయలేదు.

ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని వలీని అడిగాను. గోడ మీది నియమం చూపించాడు.

"గంట సంగతి చెప్తే రూలు తప్పినానని ఉద్యోగం పోతాది. చెప్పకపోతే దొంగోన్నని పోతాది. ఏది చెప్పల్లో తెలీక గమ్మునుండా సార్. ఇంగ గంటకూ దీనికీ సంబంధం ఉండాదని నాకేం ఎరిక? మీరే గదా చెప్పింది, రెండూ నొక్కితే ఏం కాదని."

చివరి వాక్యం అతను నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. నియమం తప్పినందుకు మందలింపు వస్తుందని, దొంగతనానికి కేసు వస్తుందని, రెంటిలో మొదటిదే తేలికని మాత్రం చెప్పాను. అతను సరే, మేనేజరు సార్ ముందర కొడతా అన్నాడు.

చెన్నారెడ్డిని ఒప్పించడానికి గంటసేపు పట్టింది. ఆయన షరతు ఒకటే. తానే ఒక ఇండికేటరు దగ్గర నిలబడాలి. శనివారం పది గంటలకు మొదలుపెట్టాం. ఎడమ ఇండికేటరు అంకె నేను, కుడిది ఆయన చూసి కాగితం మీద రాసుకోవాలి. తర్వాత చీటీతో పోల్చాలి. వలీ బయటికి వెళ్లి పట్టా ముక్కను కొట్టి వచ్చాడు. రెండు లారీలు రెండు వైపుల నుంచీ ఎక్కాయి. రెండో దెబ్బకు రెండు ఇంజన్లూ ఆగాయి. యార్డులో ఒక్కసారిగా నిశ్శబ్దం. నాలుగు నెలల కిందట నేను ఒక గంటసేపు ఆ గదిలో ఊరికే కూర్చుని ఉంటే వినవలసిన నిశ్శబ్దం అది.

పది జతలు సరిగ్గా వచ్చాయి. ఇరవై వచ్చాయి. చెన్నారెడ్డి గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. ఈ మధ్యలో మా యజమాని ఫోను చేశాడు. ఎవరు చెప్పారో, విషయం ఆయనకు తెలిసింది. తప్పు దొరికితే నిశ్శబ్దంగా సరిదిద్ది రమ్మన్నాడు. కాగితం మీద పెడితే చుట్టుపక్కల యార్డులు ఒక్కటీ మనల్ని పిలవవన్నాడు. మొదటి నివేదిక ఇప్పటికే కాగితం మీద ఉందని గుర్తుచేశాను. ఆయన ఫోను పెట్టేశాడు. ముప్పై జతలు దాటాయి. తప్పు రాకపోతే సోమవారం నేను చెప్పేదానికి విలువ లేదు. ప్రోగ్రాం రాసినవాడు ఊహించి చెబుతున్నాడంటారు, అంతే. వలీ ప్రతిసారీ వెళ్లి కొట్టివస్తున్నాడు.

నలభై మూడో జత. చీటీలు రెండూ వచ్చాక చెన్నారెడ్డి తన కాగితం చూసి, చీటీ చూసి, మళ్లీ కాగితం చూశాడు. తర్వాత నా కాగితం లాక్కున్నాడు. ఆయన రాసుకున్న కుడి అంకె ఎడమ లారీ చీటీ మీద ఉంది. నేను రాసుకున్నది కుడి చీటీ మీద ఉంది.

"ఏందప్పా ఇది" అన్నాడు. ఎవరిని ఉద్దేశించి అన్నాడో తెలియలేదు. కాసేపటికి వలీ వైపు తిరిగి, "రూలు అట్ల రాసిపెడితే నువ్వు చేసేది ఇదా?" అన్నాడు.

వలీ లేచి నిలబడ్డాడు. "రూలు ప్రకారం తూస్తే అంకె ఆడతాది సార్. తూకం సక్కగుండాలనే చేసినా" అన్నాడు. చెన్నారెడ్డి రెండు లారీలనూ వెనక్కి పిలిపించి మళ్లీ తూయించి సరైన చీటీలు ఇప్పించాడు.

ఆ సాయంత్రమే రెండో నివేదిక రాశాను. మొదటి దాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు మొదటి పంక్తిలోనే పెట్టాను. లోపం ఆపరేటరుది కాదు, రెండు థ్రెడ్లకు ఒకే తట్ట పెట్టి బరువుకు కాటా గుర్తు వేయని ప్రోగ్రాంది, ఆ ప్రోగ్రాం రాసింది నేను అని రాశాను. సోమవారం విచారణలో దాన్ని చదివి వినిపించాను. నన్ను ఒకే ప్రశ్న అడిగారు, మొదటి నివేదిక రాసేటప్పుడు యార్డుకు వచ్చి చూశారా అని. లేదన్నాను. దాన్ని రాసుకున్నారు.

వలీ మీద కుమ్మక్కు మెమో రద్దయింది. నియమం ఉల్లంఘించినందుకు లిఖిత మందలింపు ఇచ్చారు. అది అతని సర్వీసు పుస్తకంలో ఉంది. పట్టా ముక్కను తీయించారు. నెలన్నర తర్వాత లారీల బారు నిజంగానే రోడ్డెక్కింది. రెండు కాటాలూ ఒకేసారి వాడవచ్చని, ఇంజన్లు ఆపాకే తూయాలని చెన్నారెడ్డి కొత్త ఉత్తర్వు ఇచ్చాడు. పట్టా ముక్క మళ్లీ కట్టారు. మందలింపును మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నా జీతంలో ఆ ఏడు పెరుగుదల లేదు. చుట్టుపక్కల యార్డుల్లో రెండు మమ్మల్ని మానేశాయి, ఒకటి కొత్తగా వచ్చింది.

సవరణ చిన్నది. ప్రతి బరువూ తట్టలోకి వెళ్లేముందు దాని మీద కాటా గుర్తు, లారీ నంబరు, సమయం వేయించాను. మూడూ బరువుతో కలిసి ఒక్క ముక్కగా వెళతాయి, ఒక్క ముక్కగానే బయటికి వస్తాయి. ఏది ముందు వచ్చినా ఇప్పుడు పరవాలేదు. మధ్యాహ్నం భోజనం లోపు అయిపోయింది.

ఈ ఉదంతం నుంచి విద్యార్థులకు చెప్పేవి రెండు. లాక్ ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా ఆపుతుంది, ఏది ఎవరిదో అది చెప్పదు. అది విడిగా రాయాలి. రెండోది, కొత్తచోట ప్రోగ్రాం పెట్టేముందు అక్కడి మనిషిని పని ఎలా చేస్తావని కాదు, మేం ఎవరం లేనప్పుడు ఎలా చేస్తావని అడగాలి. మొదటి ప్రశ్నకు గోడ మీద రాసింది జవాబుగా వస్తుంది.

మూడోది నా కోసం. ఆ తర్వాత నేను రాసిన ఏ నివేదికలోనూ లోపం లేదని రాయలేదు. నేను చూసినంతలో కనిపించలేదని, ఎక్కడ కూర్చుని ఏ పరిస్థితుల్లో చూశానో అదీ రాశాను. ఆ వాక్యం పొడవైందని, కుదించమని మా యజమాని చాలాసార్లు చెప్పాడు. ఉద్యోగం మానేసిన రోజు వరకు కుదించలేదు.